కాకికి ఇచ్చిన గడువు

మా తమ్ముడి సంతాప సభలో సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ముగ్గురు మాట్లాడారు. ఒకాయన వాణ్ణి ఆరిపోయిన దీపం అన్నాడు. రెండో ఆయన రాలిపోయిన నక్షత్రం అన్నాడు. మూడో ఆయనకు పోలికలేవీ మిగల్లేదేమో, మంచివాడు అని చెప్పి కూర్చున్నాడు. నాకు ఆ మూడో ఆయన మాటే నచ్చింది. మా తమ్ముడు ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. ఫ్యాక్టరీ ల్యాబులో సున్నపురాయి పొడి పరీక్ష చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఒక వీడియో గేమ్ కోసం కొన్నేళ్ళుగా ఎదురుచూసేవాడు. నిద్రలో గుండె ఆగి పోయేనాటికి అది రాలేదు. వాడి గురించి నేను రుజువుతో చెప్పగలిగినవి ఇవే.

ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. అందులో మనం గడ్డిలో నడుస్తుంటే చిన్న చిన్న వింత జంతువులు ఎదురవుతాయి. వాటిని ఒక బంతిలోకి పట్టాలి. మేపాలి, పెంచాలి, ఎదుటివాడి జంతువు మీదికి వదలాలి. ఇది మా మామయ్యకు వివరించబోతే సగంలోనే, "కోడిపందేలేగా" అన్నాడు. పల్నాటి మనిషికి అంతకు మించి చెప్పనక్కర్లేదు. ఈ ఆట ఏళ్ళ తరబడి భాగాలు భాగాలుగా వస్తోంది. తీసేవాళ్ళు మధ్య మధ్యలో ఒక పాత భాగాన్ని కొత్త బొమ్మలతో మళ్ళీ తయారుచేసి అమ్ముతారు. వరస ప్రకారం ఇప్పుడు రావలసింది తమ్ముడు ఇరవై ఐదేళ్ళ వయసులో ఆడిన భాగం. అది వస్తుందా, ఎప్పుడు వస్తుంది, ఏ జంతువుల్ని ఉంచుతారు, ఏవి తీసేస్తారు అని దేశదేశాల అభిమానులు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకుని రోజూ వాదించుకుంటారు. ఏటా ఫిబ్రవరి చివర కంపెనీవాళ్ళు ఒక ప్రసారం చేసి కొత్త సంగతులు చెబుతారు. ఆ రోజు తమ్ముడు సెలవు పెట్టేవాడు. ప్రసారం అయ్యాక వంటింట్లోకి వచ్చి, "రాలేదమ్మా" అని ఒక్క మాట చెప్పేవాడు. మర్నాడు డ్యూటీకి పోయేవాడు.

ఆఖరి ఫిబ్రవరిలో గ్రూపులో వాడు రాసిన మాట, "వచ్చే ఏడాది ఖాయం." మూడు వారాలకు పోయాడు.

నాన్న లేడు కాబట్టి కర్మ నేను చేశాను. చిన్నవాడికి పెద్దవాడు చేసే కర్మ మా పురోహితుడికి అలవాటు లేదు. మధ్యలో రెండుసార్లు ఆగి, నా మొహం చూసి, మాట సర్దుకున్నాడు. పెద్దకర్మ రోజున కాలవగట్టు మీద విస్తరి వేసి వాడికి ఇష్టమైనవన్నీ పెట్టాం. కాకి పక్కనే తుమ్మచెట్టు మీద కూర్చుంది. దిగలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ళ నమ్మకం. అదేమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. కాకి దిగేదాకా తలా ఒకటి చెబుతూ పోవాలి. అమ్మ ఏడవనని మాట ఇచ్చింది, ఏడుస్తూనే. వాడి బండి అమ్మబోమని చెప్పింది. వాడి గది ఎవరికీ అద్దెకివ్వబోమని చెప్పింది. అమ్మ తమ్ముడైన మా మామయ్య, కొండవీడు కొండ ఎక్కుదామని వాడు మూడేళ్ళుగా అడుగుతున్నాడని గుర్తుచేసుకుని, ఈ మోకాళ్ళతోనే ఎక్కుతానన్నాడు. కాకి కొమ్మకు ముక్కు రాసుకుంది. అస్థికలు అమరావతిలో కలిపాం గదా, ఇంకా ఏం తక్కువ చేశాం అని మామయ్య దాన్ని గట్టిగానే నిలదీశాడు. గంట దాటింది. ఎండ మీదికి వచ్చింది. అమ్మ కాళ్ళకు చెప్పులు లేవు. ఒక కాలు ఎత్తి ఒక కాలు వేస్తోంది.

నేను ఆ కాళ్ళే చూస్తున్నాను. నాకు కాకి మీద నమ్మకం లేదు. అయినా ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పి ముగించాలనిపించి, "ఆ ఆట వస్తే కొని తెస్తాంలే" అన్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. మా మామయ్య గురజాల కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. గడువు లేని ఉత్తర్వు ఆయన దృష్టిలో ఉత్తర్వే కాదు. ఎప్పటిలోగా అని రాయని కాగితం ఉద్యోగం మొత్తంలో ఒక్కటి కూడా తన చేతి మీదుగా పోలేదని గొప్పగా చెప్పుకుంటాడు. అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని, "సంవత్సరీకం లోగా తెచ్చి నీ ముందు పెడతాం" అని చేర్చాడు.

కాకి దిగింది. ముందు పెరుగు గారె తీసుకుంది.

ఆ రోజు నుంచి అమ్మ ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఒక్కసారి తింటుంది. రాత్రి నాకు వడ్డించి, తను మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది. ఆట వచ్చేదాకా అంతేనంది. ఎంత చెప్పినా వినలేదు. అమ్మకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది. ఆ ఆట తీసేది ఎక్కడో సముద్రాల అవతల కంపెనీ అనీ, మన సంవత్సరీకం తిథి వాళ్ళకు తెలియదనీ చెప్పాను. "తెలియకపోతే తెలుసుకుంటారు" అంది అమ్మ.

తప్పు తన వల్ల జరిగిందని మామయ్యకు తెలుసు. ఒప్పుకోలేదు గానీ, పై ఆదివారమే గురజాల నుంచి బస్సులో దిగాడు. చంకలో కొత్త ఫైలు, ఎర్ర తాడు కట్టి. ఆట వస్తుందా రాదా అన్నది ముందు విచారించాలి, వచ్చేట్టయితే ఎప్పుడో తేల్చాలి అన్నాడు. తమ్ముడి ఫోను నా దగ్గరే ఉంది. వాడి పేరు మీదే గ్రూపు తెరిచి నేను చదివి తెలుగులో చెప్పాలి. ఆయన రాసుకోవాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చూసి చెప్పాడా విని చెప్పాడా, తర్వాత ఏమైంది అని నాలుగు గళ్ళు గీశాడు.

గ్రూపులో ఎవరూ సొంత పేర్లు పెట్టుకోరు. బొమ్మలు పెట్టుకుంటారు. అందరికంటే ముఖ్యుడు ఉల్లిపాయ బొమ్మ పెట్టుకున్నవాడు. ఇదివరకు రెండుసార్లు అతను ముందుగా చెప్పింది నిజమైందట. ఈసారి కూడా ఆట ఖాయం, తయారుచేసేవాళ్ళలో ఒకడి స్నేహితుడు తనకు చెప్పాడు అని రాశాడు. నాకు ఆశ కలిగింది. మామయ్య కలం ఎత్తలేదు.

"స్నేహితుడు చెప్పాడంట, వీడు విన్నాడంట. విన్న సాక్షి. పక్కన పెట్టు."

రెండుసార్లు నిజం చెప్పాడు గదా అన్నాను. వెల్దుర్తి హద్దు తగాదాల్లో ఒకాయన రెండు కేసుల్లో నిజం చెప్పి, ఆ పరపతితో మూడో కేసులో రాయి జరిపిన వైనం మామయ్య అరగంట చెప్పాడు. ఉల్లిపాయకు ఆ వెల్దుర్తి మనిషి పోలిక వచ్చేసింది. ఏడాది పొడుగునా ఆయన ఉల్లిపాయను పూర్తిగా నమ్మలేదు, కానీ ప్రతి ఆదివారం రాగానే, "ఏమంటాడు మన ఉల్లిపాయ?" అనే అడిగేవాడు.

కంపెనీ పెద్ద ఒకాయన ఏదో సభకు నలుపూ తెలుపూ టై కట్టుకుని వచ్చాడు. అవి ఆ పాత భాగం పెట్టె మీది రంగులని గ్రూపువాళ్ళు రెండు రోజులు సంబరపడ్డారు. "మా జడ్జీలందరూ నల్లకోటు, తెల్లచొక్కానే. అందువల్ల ఏ కేసూ తేలలా" అని మామయ్య కొట్టేశాడు. మరోసారి, ఎక్కడో ఒక దుకాణం వాళ్ళ వెబ్‌సైటులో పేరు లేని సరుకు ఒకటి కనిపించింది. అది కాగితం లాంటిదే, కాగితానికి విలువ ఉంటుంది అని మామయ్య దాన్ని ఎర్ర సిరాతో రాసుకున్నాడు. మర్నాటికి దుకాణం వాళ్ళు దాన్ని తీసేశారు. తీసేశారంటే నిజమేనన్నమాట అని గ్రూపంతా గంతులు వేసింది. ఇది విని మామయ్య ఎర్ర సిరా కలానికి మూత పెట్టాడు. కాగితం మాయమైతే కేసు పోవడమే ఆయన ఎరుగును. కాగితం మాయమైతే కేసు గెలిచే లోకం ఒకటుందని ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు.

కంపెనీవాళ్ళ కొత్త క్యాలెండరు బొమ్మ సంగతి కూడా ఉంది. జులై పేజీలో చెట్టు వెనక ఒక తోక కనిపిస్తోందనీ, అది ఆ పాత భాగంలో మాత్రమే ఉండే జంతువు తోకనీ ఒకడు బొమ్మ పెద్దది చేసి పెట్టాడు. అందరూ ఔనన్నారు. ఉల్లిపాయ కూడా ఔనన్నాడు. మామయ్య భూతద్దం తెచ్చాడు. మేమిద్దరం ఫోను మీదికి వంగి చూస్తుంటే అమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని చూసి, "తోకేందిరా. చిక్కుడు తీగ" అంది. వారం తిరగకముందే ఆ బొమ్మ వేసినవాళ్ళే అసలు బొమ్మ పూర్తిగా బయటపెట్టారు. తీగే. ఆ తర్వాత ఏ బొమ్మ వచ్చినా ముందు అమ్మకు చూపించడం నియమమైంది.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. చావు గురించి, దుఃఖం గురించి కొంత చదివాను. మనిషి పోయిన ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని తోకా తీగా అని వాదించుకునే పేజీ నాకెక్కడా తగల్లేదు. కానీ ఆదివారాలు మా ఇంట్లో మాటలు వినపడేవి. మిగతా ఆరు రోజులూ వినపడేవి కావు.

వీధిలో అందరికీ తెలిసిపోయింది. పక్కింటి పిన్ని గోడ మీదుగా, "అక్కా, ఆట వచ్చిందా?" అని రోజూ అడిగేది. ఇంకా లీకుల్లోనే ఉందని అమ్మ చెప్పేది. పిన్ని దాన్ని పైపుల సమస్య అనుకోలేదు. ఆమెకూ అప్పటికి అంతా అర్థమైంది. మామయ్యకు మాత్రం కొత్త బాధ పట్టుకుంది. తిథి ప్రకారం సంవత్సరీకం ఇంగ్లీషు తేదీ కంటే పదకొండు రోజులు ముందు వస్తుంది. "పదకొండు రోజులు ఊరికే పోతున్నయ్" అని పంచాంగం మూసి తెరిచి, తెరిచి మూసేవాడు.

దీపావళి తర్వాత ఒక సాయంత్రం అమ్మ వంటింటి గడప దగ్గర కూలబడిపోయింది. షుగరు మాత్ర వేసుకుని తిండి మానితే ఇదే జరుగుతుందనీ, రెండు పూటలా తినాలనీ డాక్టరు చెప్పాడు. అమ్మ సరేనంది. ఇంటికి వచ్చి మజ్జిగ గ్లాసు తీసుకుంది.

అప్పుడు నేనొక పని చేశాను. బస్టాండు పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్ ఉన్నాడు. తమ్ముడికి స్నేహితుడు. వాడి పాత ఆట మిషను ఎప్పుడు పాడైనా అతనే బాగుచేసేవాడు. సంగతంతా చెబితే తల గోక్కుని, అభిమానులే సొంతంగా ఆ పాత భాగాన్ని కొత్త బొమ్మలతో చేసుకున్నది ఒకటి ఉందనీ, దాన్ని తమ్ముడి మిషన్‌లో ఎక్కిస్తాననీ అన్నాడు.

"మంచి డబ్బాలో పెట్టి ఇస్తా అన్నా. అమ్మకేం తెలుసుద్ది?"

డబ్బా మీదికి రంగుల కాగితం కూడా ఫ్లెక్సీ షాపులో వేయించాడు. నేను తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, వచ్చిందన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు గానీ, ఒక్క మాటే గనుక పట్టుబడననుకున్నాను. అమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పింది.

"వాళ్ళు చెప్పేది ఫిబ్రవరిలో గదరా. ఇప్పుడెట్టా వచ్చింది?"

నేను తడుముకున్నాను. ముందే విడుదల చేశారన్నాను.

"ముందే విడుదల చేస్తే మన ఉల్లిపాయ చెప్పలేదేం?"

అమ్మ కోప్పడలేదు. డబ్బాను వాడి గదిలో బల్ల మీద పెట్టి వచ్చింది. ఆ ఆదివారం మామయ్యకు చెప్పింది. కొడుకు మీద ఫిర్యాదులా చెప్పలేదు, ఫైలులో రాసుకోమని చెప్పింది. మామయ్య నా వైపు చూసి, దొంగ సాక్ష్యం అని నాలుగో గడిలో రాశాడు.

ఫిబ్రవరి ప్రసారం రోజు నేను సెలవు పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ప్రసారం సాయంత్రం కదా. ఫోను సరిపోదని భాయ్ వచ్చి టీవీకి కలిపి ఇచ్చాడు. అమ్మ తల దువ్వుకుని కూర్చుంది. పిన్ని వచ్చింది. మామయ్య ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. గ్రూపులో కొందరు తమ్ముడు అక్కడ పెట్టుకున్న పేరుతో పిలిచి, ఖాయమన్నవాడు ఎక్కడ, ఏడాదిగా పలకడేం అని అడుగుతున్నారు. నేను ఏడాదిగా చదువుతూనే ఉన్నాను గానీ వాళ్ళకు ఏమీ రాయలేదు. ఆ మాట ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోయాను.

ప్రసారంలో చీట్ల ఆట ఒకటి చూపించారు. మనం ఎంతసేపు నిద్రపోయామో లెక్కపెట్టే ఆట ఒకటి చూపించారు. ఒక పసుపు జంతువు టోపీ పెట్టుకుని డాన్సు చేసింది. ప్రతి ముక్క అయిపోగానే పిన్ని, "ఇదేనా?" అని అడిగింది. కాదని అమ్మ చెప్పింది. చివర అందరూ చేతులు ఊపారు. తెర నల్లబడింది.

మామయ్య కలం తీసి, వాయిదా అని రాసి, తాడు కట్టేశాడు. అమ్మ లేచి లోపలికి పోయింది. వంటింట్లో నుంచి, "రాలా" అని వినపడింది. ఎవరికి చెప్పిందో నేను అడగలేదు.

సంవత్సరీకానికి పది రోజులుంది. మామయ్య ఆ పది రోజులూ మా ఇంట్లోనే ఉండి ఒక అర్జీ తయారుచేశాడు. గడువు పొడిగించమని కాకికి అర్జీ. మేము చేసిన ప్రయత్నాలు, ఆలస్యానికి కారణాలు, ఎదుటి పక్షం అంటే కంపెనీ మా అధీనంలో లేకపోవడం, ఇంకొక్క ఏడాది ఇవ్వవలసిన న్యాయం, అన్నీ వరసగా నాలుగు పేజీలు. నాకు చదివి వినిపించాడు. ఒక్క అలంకారం లేదు. మా తమ్ముడి గురించి ఎవరు రాసినవాటిలోనైనా ఇదే బాగుందని ఆయనకు చెప్పాను. నిజంగానే అన్నాను.

కాలవగట్టు మీద అదే చోట విస్తరి వేశాం. ఈసారి అమ్మకు చెప్పులు నేనే తెచ్చి వేయించాను. మామయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి పేజీ పైకెత్తాడు. గొంతు సవరించుకున్నాడు.

కాకి వచ్చేసింది. విస్తరి అంచున వాలి, గారె తీసుకుని, అన్నంలో రెండుసార్లు పొడిచి, ఎగిరిపోయింది. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉండదు.

మామయ్య కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వినకుండానే పోయాడేందిరా?"

ఆయన తుమ్మచెట్టు వైపు తిరిగి, ఖాళీ కొమ్మకు నాలుగు పేజీలూ చదివాడు. తొందరపడకుండా చదివాడు. పురోహితుడికి వేరే చోట పని ఉన్నా ఆగాడు. అమ్మ చెప్పులు వదిలి నిలబడి విన్నది.

సాయంత్రానికి మామయ్య తేరుకుని ఒక నిర్ణయానికి వచ్చాడు. గడువు దాటినా కాకి నిలదీయలేదంటే, ఆట వస్తోందని దానికి ముందే తెలుసు. ఈ విషయం గ్రూపుకు తెలియజేయడం మన బాధ్యత. ఏడాది పాటు వాళ్ళ మాటలు విని, మనకు తెలిసింది చెప్పకపోవడం పద్ధతి కాదన్నాడు. నేను ఒప్పుకోలేదు. పొలాల్లో మిరపకాయ తప్ప ఏమీ లేని రోజులు, కాకికి ఆకలి వేసింది అన్నాను. అది నీ ఊహ, సాక్ష్యం కాదు అన్నాడు.

చివరికి రాశాను. ఆయన చెప్పమన్నట్టు కాదు. ఖాయం అన్న మనిషి మా తమ్ముడు, పోయిన మార్చిలో చనిపోయాడు, నేను అన్నను, ఇన్నాళ్ళు చెప్పనందుకు మన్నించండి అని రాశాను. కాకికి ఆట తెస్తామని మాట ఇచ్చామనీ, తేలేకపోయామనీ, ఈ రోజు అది ఏమీ అడగకుండా తినిపోయిందనీ రాశాను. రాస్తున్నప్పుడు వెర్రిగా అనిపించింది. చదువుకుంటే ఏ మాటా తీసేయడానికి లేదు.

అందరికంటే ముందు ఉల్లిపాయ రాశాడు. మీ తమ్ముడు నాతో చాలాసార్లు వాదించాడు, ఒక్కసారీ మర్యాద తప్పలేదు అన్నాడు. దాని కింద ఇంకో వరస రాశాడు. ఆట తీసేవాళ్ళు తూర్పు దేశం వాళ్ళు గనుక ఒక ప్రశ్న అడగవచ్చా, కాకి ఎటు నుంచి వచ్చింది?

నేను చదివి వినిపించాను. ఎగతాళి అనుకుని ఫోను పెట్టేయబోయాను. మామయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు అల్లుడూ. ఏడాదిలో వాడు అడిగిన మొదటి సరైన ప్రశ్న ఇదే."

కాలవ అవతలి నుంచి వచ్చిందని ఆయన. నేను విస్తరి వైపు చూస్తున్నాను గనుక నాకు తెలియదు. కాలవ అవతల అంటే పడమర అవుతుందా, పడమర అయితే ఫలితం ఏమిటి అని ఆయన మళ్ళీ తాడు విప్పుతుంటే, వంటింట్లో నుంచి అమ్మ గొంతు వినపడింది.

"తూర్పు నుంచే వచ్చింది. నేను చూశా. లేవండిక అన్నాలకు."

వెళ్ళి చూస్తే మూడు కంచాలున్నాయి. మజ్జిగ గ్లాసు లేదు. అమ్మ తన కంచంలో కూడా అన్నం పెట్టుకుని, పప్పు వేసుకుంటోంది. మామయ్య ఫైలు చేతిలో ఉండగానే, అది కాదక్కా, ఆట ఇంకా రాలేదు గదా అని మొదలుపెట్టాడు.

"వాడే అడగలా. వాడు ఊరుకున్నాక నేను మాడేదేంది" అంది అమ్మ, కలుపుకుంటూ.

మామయ్య ఫైలు గోడకు ఆనించి కూర్చున్నాడు. నేనూ కూర్చుని అన్నం కలుపుకున్నాను. రెండు ముద్దలు తిన్నాక, ఉల్లిపాయ ఇంకా కాచుకుని ఉంటాడని గుర్తొచ్చింది. ఫోను దగ్గరికి లాక్కుని, ఎడమ చేత్తో తూర్పు అని కొట్టి పంపాను.